తిరిగే ముందు గంట

మా వంటగదిలోంచి హాల్లోకి రావాలంటే ఒక మలుపు తిరగాలి. ఆ మలుపు దగ్గర, చేతిలో పొగలు కక్కే చారు గిన్నె ఉన్నా సరే, నేను ఒక్క క్షణం ఆగి, భుజం మీంచి వెనక్కి చూసి, "ట్రింగ్" అంటాను. మా ఆయన మొదట్లో నవ్వేవాడు, తర్వాత విసుక్కున్నాడు, ఇప్పుడు వినిపించనట్టు పేపరు చదువుకుంటాడు. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం "అదో అలవాటులెండి" అని సర్దిచెప్తాడు. సర్దిచెప్పాల్సిన పనేం లేదు. ఆ అలవాటు వల్లే నేను చారు గిన్నె పట్టుకునే వయసుదాకా బతికున్నాను.

పోయిన నెల మా ఊళ్లోనే, బిర్సానగర్ నుంచి ఫోనొచ్చింది. "మా మావయ్యగారు పోనారండీ. మీకు సెప్పమన్నారు" అంది ఆ పోయినాయన కోడలు. పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. నా ఫోనులో ఆ నంబరు "బాబాయ్" అనే ఉంది. నాకొక్కదానికే కాదు, మా తెలుగువాళ్లందరికీ ఆయన బాబాయే. బెంగాలీలకీ బిహారీలకీ చాచా.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది టాటానగర్ స్టేషను పార్సిల్ ఆఫీసులో. అప్పుడు నేనక్కడ క్లర్కుని. ఇల్లు బాగ్‌బేరా రైల్వే క్వార్టర్సు, నాన్న గూడ్సు గార్డు, నాకు పాతికేళ్లు. ఒక పాత స్కూటరు, దాని మీద బోలెడంత పొగరు. ఎనభైల నడుమ సంగతి. ఒకరోజు మధ్యాహ్నం పూనా నుంచి ఒక పొడుగాటి మూట దిగింది. ముగ్గురు మనుషుల పొడవు, గోనెగుడ్డ చుట్టి ఉంది. విడిపించుకోడానికి ఇద్దరొచ్చారు. ఒకాయన కళ్లద్దాల బెంగాలీ ఇంజినీరు. రెండో ఆయన పొట్టిగా, నల్లగా, మోచేతులు మాత్రం రోకళ్లలా ఉన్న మనిషి. చెవి వెనక, గుమాస్తాలు పెన్సిల్ పెట్టుకునే చోట, ఒక దూది ఉండ.

"సామాను ఏంటి?" అన్నాను, రిజిస్టరు తెరిచి.

ఇంజినీరు ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు. ఆ పొట్టాయన అడ్డొచ్చి, "రెక్కలు" అన్నాడు.

"ఎవరి రెక్కలు?"

"మావే. ఏటమ్మీ, రెక్కలు రైల్లో రాకూడదేటి? అవి ఎగిరొచ్చీలా ఉంటే మీకాడికెందుకొత్తాం?"

మా రిజిస్టర్లో రెక్కలకి కాలమ్ లేదు. టెంటు సామాన్లని రాశాను. అప్పుడాయన మూట ఒక కొస విప్పి, లోపల్నుంచి ఒక ఉక్కు తీగ లాగి, చెవి వెనక దూది తీసి దాని పొడుగునా మెల్లగా రాశాడు. ఒకచోట దూది పీచు చిక్కుకుంది. నా వేలు పట్టుకుని ఆ చోటు దగ్గరికి తీసుకెళ్లి, తగలనివ్వకుండా ఆపాడు.

"కంటికి కనబడదు. సేత్తో తడివితే రగతం వత్తాది. దూదికి దొరికీత్తాది. ఈ పోగొకటి తెగిపోనాది సూడు. ఈ తీగ పనికిరాదు" అన్నాడు. ఇంజినీరు ముఖం మాడిపోయింది. మా కౌంటరు దగ్గర వరసలో నిలబడ్డ ఆరుగురూ తమ పనులు మర్చిపోయి ఆ తీగనే చూస్తున్నారు.

ఆయన కార్ఖానాలో క్రేన్ డ్రైవరు. కప్పు కింద, పట్టాల మీద నడిచే పెద్ద క్రేను. ఆ పైన గూడులాంటి కేబిన్లో కూర్చుని కరిగిన ఉక్కు బకెట్లు మోసేవాడు. హ్యాంగ్ గ్లైడర్ చేద్దామని ఆ ఇంజినీరుకి బుద్ధి పుట్టినప్పుడు, తీగలూ కొక్కేలూ చూసి చెప్పే మనిషి కావాలని ఈయన్ని పిలిచాడట. తీగలు చూడ్డానికొచ్చినాయన మరి వెళ్లలేదు. ఆ వయసులో ఎగరడమేంటని వాళ్లావిడ అడిగితే, "ముప్పై యేళ్లబట్టి గాల్లోనే ఉన్నాను. కొత్తగా ఎగిరేదేటుంది?" అన్నాడట. రెక్క కింద పడుకున్నట్టు వేలాడుతూ, ముందున్న ముక్కోణపు బారుని చేతుల్తో నెడుతూ లాగుతూ, ఒంటి బరువుని అటూ ఇటూ జరుపుకుంటూ పోవడం. అంతే, ఇంజనూ లేదు గింజనూ లేదు.

ఆ బారుకి ఆయన సైకిలు గంట బిగించుకున్నాడు. అది చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వని వాడు, ఆ ఇంజినీరు పెట్టిన మా ఎగిరేవాళ్ల క్లబ్బులో లేడు. ఇంజినీరైతే, "చాచా, గాలి హోరులో అది ఎవరికీ వినపడదు" అని లెక్కలు వేసి మరీ చెప్పాడు. బాబాయ్ ఒప్పుకున్నాడు. "ఇనపడద్దు. క్రేన్ కదిపే ముందు గంట కొట్టాల. కొట్టినోడు సూడకుండా కదపలేడు. సెయ్యి గంట మీదికెల్తే తల దానంతటదే తిరుగుతాది. అది నా కోసం పెట్టుకున్నానయ్యా, మీ కోసం కాదు." తర్వాత హిందీలో ఇంకోసారి చెప్పాడు, ఇంజినీరుకి అర్థమయ్యేదాకా.

నేను చేరాను. పార్సిల్ ఆఫీసులో మొదలైన కుతూహలం ఆదివారాలన్నీ తినేసింది. ఇంట్లో పిక్నిక్ అని చెప్పేదాన్ని. ప్రతి ఆదివారం పిక్నిక్ ఏమిటని మా అమ్మ అడగలేదు. అడిగితే నిజం చెప్తానని ఆవిడకి భయం.

ఇక్కడ కొండ సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఆయన గొప్పతనం తెలియదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో దక్షిణపు గాలి వచ్చి దల్మా కొండల వరసలో ఒక పొడుగాటి గట్టుకి తగిలేది. గాలికి దారి లేక పైకి లేస్తుంది. ఆ లేచే గాలి కొండ ముఖాన్ని అంటిపెట్టుకుని సన్నటి పట్టీలా ఉంటుంది. అందులో ఉన్నంతసేపూ మనం కిందికి దిగం, గంటలకొద్దీ తేలొచ్చు. పట్టీ దాటి బయటికొస్తే దిగిపోవడమే. అందుకని ఎగిరినవాళ్లందరూ ఆ పట్టీలోనే, ఈ చివర్నుంచి ఆ చివరికీ ఆ చివర్నుంచి ఈ చివరికీ, ఒకరికొకరు ఎదురొస్తూ తిరుగుతుంటారు. పండగ ముందు సాయంత్రం బిస్టుపూర్ బజార్లో స్కూటర్లు ఎలా తిరుగుతాయో అలాగ. కాకపోతే ఇక్కడ బ్రేకు లేదు, హారను లేదు, పక్కనే రాళ్లు.

దానికి మూడే నియమాలు. తిరిగితే ఎప్పుడూ లోయ వైపే తిరగాలి, కొండ వైపు ఎన్నడూ తిరక్కూడదు. తిరిగే ముందు వెనక్కి చూడాలి. ఎదురెదురుగా వస్తే, కొండ కుడిచేతికి ఉన్నవాడు తిన్నగా పోతాడు, ఎడమచేతికి ఉన్నవాడు కుడికి, అంటే లోయలోకి, తప్పుకోవాలి.

ఇంజినీరు మూడోది బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాడు. ఎవరికీ ఎక్కలేదు. బాబాయ్ లేచి అన్నాడు: "మా కార్ఖానాలో ఒకే పట్టాల మీద రెండు క్రేన్లుంటాయి. ఒకదానికి లోడుంది, రెండోది ఖాళీ. ఎవుడు తప్పుకోవాల?"

"ఖాళీదే" అన్నాను.

"ఆఁ. కొండ కుడిసేతికుంటే నీకు లోడున్నట్టు. పక్కకి ఎల్లలేవు, ఎల్తే రాయి. ఎడంసేతికుంటే నువ్వు ఖాళీ. కుడిపక్క ఆకాశమంతా నీదే గదా, ఖాళీదానివి నువ్వే జరుగు."

ఆ రోజుతో అందరికీ ఎక్కింది. బుర్రకి ఎక్కినది ఒంటికి ఎక్కాలి గదా, దానికి ఆయన వేరే మందు వేశాడు. సోనారి విమానాల మైదానం పక్కన ఖాళీ స్థలంలో సున్నంతో ఒక పొడుగాటి గీత గీశాడు. అది కొండ. బ్యాంకు ఆఫీసరు, ఇంజినీరు, కాలేజీ లెక్చరరు, నేను, చేతులు రెండూ బారచాపుకుని ఆ సున్నపు కొండ పక్కన పైకీ కిందికీ నడవాలి. చివరికొచ్చాక నోటితో "ట్రింగ్" అని, వెనక్కి చూసి, లోయ వైపు తిరగాలి. ఎదురైతే లోడెవరో ఖాళీ ఎవరో చూసుకుని తప్పుకోవాలి. సోనారి జనం స్కూటర్లు ఆపుకుని చూసేవారు. ఒకావిడ మాకు మొక్కుబడి ఏమైనా ఉందా అని అడిగింది. మిట్ట మధ్యాహ్నం ఎండలో, బారచాపిన చేతుల్తో, పెద్దమనుషులందరం ట్రింగ్ ట్రింగ్ అనుకుంటూ తిరుగుతుంటే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది.

నేను ప్రతిసారీ ఎడమకే తప్పుకునేదాన్ని. తెలియక కాదు. నియమం అడిగితే నిద్రలో కూడా చెప్పేదాన్ని. కానీ ఎదురుగా మనిషి కనబడగానే ఒళ్లు ఎడమకి పోయేది. పదహారేళ్ల వయసు నుంచి ఈ ఊరి రోడ్ల మీద స్కూటరు తోలినదాన్ని. లారీ ఎదురొస్తే ఎడమకి, గేదె ఎదురొస్తే ఎడమకి, మామగారి లాంటి పెద్దమనిషి ఎదురొస్తే ఎడమకి. సున్నపు కొండ మీద ఎన్నిసార్లు బ్యాంకు ఆఫీసర్ని గుద్దానో లెక్కలేదు.

"నీకు స్కూటరు దెయ్యం పట్టినాదే" అన్నాడు బాబాయ్. "దిగుతాది. టైం పడతాది. అందాకా కొండకాడికి రాకు."

ఏడాదిన్నర రానివ్వలేదు. చిన్న మిట్ట మీంచి దూకి, నేరుగా కింద దిగడం వరకే నాకు. నా తర్వాత చేరిన మగవాళ్లు ముగ్గురు కొండ మీద తేలుతుంటే నేను కింద నిలబడి చూశాను. ఆడదాన్నని ఆపుతున్నాడేమో అని ఒకరోజు మొహం మీదే అడిగాను. "ఆడదేటి మగోడేటి? ఎడమకెల్లీవోళ్లని ఆపుతున్నాను" అన్నాడు. కోపమొచ్చి వారం రోజులు మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టు కూడా లేదు.

చివరికి ఒక ఉపాయం ఆయనే కనిపెట్టాడు. ఎడమచేతికి వాచీ, కుడిచేతికి నాలుగు గాజులు, ఆ రోజుల్లో ఉద్యోగం చేసే ఆడపిల్లలందరం అలాగే వేసుకునేవాళ్లం. ఒకరోజు నా చేతులు చూసి, "ఎడమా కుడీ మర్సిపో. ఎదురొత్తే గాజులకేసి ఎల్లు. అంతే" అన్నాడు. పట్టింది! రెండు నెలల పాటు ఒక్కసారి కూడా తప్పలేదు. గాజులు గలగలమనగానే ఒళ్లు అటే పోయేది. ఏప్రిల్లో నన్ను కొండ పైకి తీసుకెళ్లాడు. మొదటి మధ్యాహ్నం ఇరవై నిమిషాలు తేలాను. దాని గురించి రాయను, రాయడానికి నాకు మాటలు చాలవు. కిందికి దిగి ఏడ్చానని మాత్రం ఒప్పుకుంటాను.

మే నెలలో కలకత్తా నుంచీ ఇంకెక్కడెక్కడినుంచో అతిథులొచ్చారు. వాళ్లతో కలిపి తొమ్మిది రెక్కలు. కొండేమో అంతే ఉంది. బాబాయ్ పైన, దూకే చోట, వాళ్లావిడ పాత ఎర్రచీర చింపి వెదురుకి కట్టిన జెండా పక్కన నిలబడి, ఒక్కసారికి ఐదుగురే అన్నాడు. జేబులో ఐదు గులకరాళ్లు. ఒకరు దూకితే ఒక రాయి కుడిజేబులోంచి ఎడమజేబులోకి, ఒకరు దిగితే మళ్లీ వెనక్కి. రాయి లేకపోతే దూకనివ్వడు. ప్రతివాడి నడుముకున్న కొక్కెం తానే స్వయంగా పట్టుకుని లాగి చూసేవాడు.

కలకత్తా అతను ఒకడు గొడవపడ్డాడు. "మేమింతకంటే రద్దీలో ఎగిరాం. మాకు భయం లేదు" అని.

"భయం లేనోడితో నాకు పని లేదు బావూ" అన్నాడు బాబాయ్ ముందు తెలుగులో, తర్వాత హిందీలో. "ఇంకో గడీకి నువ్వేటి సేత్తావో పక్కోడికి ముందే తెలియాల. అలా ఎగిరీవోడే నాకు కావాల. దేఖో భాయ్, రాయి వచ్చాకే నీ వంతు."

కలకత్తా వాళ్లలో ఒకమ్మాయి కూడా ఉంది. తోలు చేతితొడుగులు వేసుకుని ఎంత దర్జాగా ఉందో! నా చేతులకి అప్పటికే బొబ్బలున్నాయి. ఆమె దగ్గర ఇంకో జత ఉంటే అడిగి తీసుకున్నాను. గాజులు అడ్డొచ్చాయి. తీసి రుమాల్లో కట్టి జేబులో పెట్టుకున్నాను. నా జీవితంలో ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి చేయలేదు.

గాలి ఆ రోజు వెన్నలా ఉంది. రెండో విడతలో నేను మూడోదాన్ని దూకాను. ఐదుగురం పైకీ కిందికీ తిరుగుతున్నాం. కాసేపటికి పసుపు రెక్క అతను, ఆ గొడవపడ్డవాడే, కొండ వదిలి దిగే మైదానం వైపు వెళ్లాడు. బాబాయ్ పైనుంచి అది చూశాడు. రాయి వెనక్కి వేసుకున్నాడు. అప్పటిదాకా అందర్నీ ఎగరనిచ్చి తాను నిలబడి ఉన్నాడు. గాలి చూస్తే అలా ఉంది. తన కొక్కెం తానే చూసుకుని, గంట కొట్టి దూకాడు.

పసుపు రెక్క దిగలేదు. మైదానం సగం దారిలో మంచి గాలి తగిలింది కాబోలు, మళ్లీ కొండకేసి వస్తున్నాడు. ఆరుగురమయ్యాం.

నేను తూర్పుకి పోతున్నాను, కొండ నా ఎడమచేతికి. ఎదురుగా బాబాయ్ నీలం రెక్క, ఆయనకి కొండ కుడిచేతికి. ఆయనకి లోడుంది, నేను ఖాళీ. నా కుడిపక్కనంతా ఆకాశమే. నేను చెయ్యాల్సింది ఒక్కటే. ఆయన మొహం కనబడేంత దగ్గరికొచ్చాం. నా ఒళ్లు, నన్నడక్కుండా, ఎడమకి పోయింది.

కొండకీ ఆయనకీ మధ్య ఉన్న సందులోకి దూరుతున్నాను. గంట వినబడింది. ఇంజినీరు లెక్కలన్నీ తప్పు, ఆ గంట వినబడుతుంది. గాజుల చప్పుడు కోసం నా చెయ్యి కదిలించాను, తోలు తప్ప ఏమీ లేదు. అప్పుడాయన తన హక్కు వదిలేసి ఎడమకి, లోయలోకి, తిరిగాడు. సరిగ్గా అక్కడే పసుపు రెక్క వస్తోంది. బారు గుండెలకి లాక్కుని, ముక్కు కిందికి పొడిచి, దాని కిందనుంచి దూరి పోయాడు. నేను కొండకి ఎంత దగ్గరగా పోయానంటే ఒక పొద మీద ఆకులు విడివిడిగా కనబడ్డాయి. మేస్తున్న మేక ఒకటి తలెత్తి నా మొహంలోకి చూసింది. తర్వాత కుడికి తిరిగాను. అప్పుడు గుర్తొచ్చింది కుడి ఏదో.

కిందికి చూస్తే నీలం రెక్క లేదు. గాలి పట్టీకి బాగా కిందికి పడిపోయినవాడికి మైదానందాకా వెళ్లే ఎత్తుండదు. కింద సాల చెట్ల అడవి.

నేను ఎలా దిగానో గుర్తులేదు. నేనూ, ఇంజినీరూ, ఇంకో ఇద్దరూ ఆ అడవిలోకి పరిగెత్తాం. "చాచా! చాచా!" అని ఇంజినీరు అరుస్తున్నాడు. కొంత దూరం పోయాక ఏ దిక్కో తెలియలేదు. అన్నీ ఒకేలాంటి చెట్లు. ఆగి విన్నాం. ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. చంపేశానని అనుకున్నాను. ఆ మాట మనసులో ఇంత స్పష్టంగా, ఇంత తెలుగులో అనుకున్నాను.

ట్రింగ్. ట్రింగ్.

రెండు నిలువుల ఎత్తున, ఒక సాల చెట్టు కొమ్మల్లో, చిరిగిన నీలం గుడ్డ మధ్య వేలాడుతున్నాడు. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. కుడిచెయ్యి గంట మీద ఉంది. మమ్మల్ని చూడగానే అడిగిన మొదటి మాట, "అందరూ దిగినారా? లెక్కెట్టినారా?"

దిగారని ఇంజినీరు చెప్పాడు. అప్పుడు నా కేసి చూశాడు. నా మొహం కేసి కాదు, చేతుల కేసి.

"గాజులేవే?" అన్నాడు. అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తర్వాత వారం నాకు ఎలా గడిచిందో చెప్తే సిగ్గుచేటు. పార్సిళ్ల మీద తప్పుడు ఊళ్లు రాశాను. ఆ వారమంతా ఒకటే ఆలోచన: ఎవరూ చూడలేదు. పసుపు రెక్క అతనికి బాబాయ్ తన కిందికి దూకినట్టే కనబడింది. నేను ఎడమకి తిరిగానని తెలిసినవాళ్లం ఇద్దరమే. చెప్తే నన్ను కొండ మీంచి దింపేస్తారు. జూన్లో వానలొస్తే ఆ ఏడాదికి కొండ మూత. ఏడాదిన్నర కాచుకుని, నాలుగు ఆదివారాలు ఎగిరి, మళ్లీ సున్నపు గీత పక్కన నిలబడాలి. చెప్పకూడదని తేల్చుకునే ఆ ఆదివారం సోనారి వెళ్లాను.

అందరం కూర్చున్నాం. బాబాయ్ చెయ్యి పట్టీలో ఉంది, చెవి వెనక దూది మామూలే. ఇంజినీరు పుస్తకం తెరిచాడు. ప్రతి ప్రమాదం అందులో రాయాలన్నది బాబాయ్ పెట్టిన ఆచారమే. ఆయన లేచి నిలబడ్డాడు.

"దిగినాక ఎయ్యాల్సిన రాయి, దిగబోతన్నాడు గదా అనీసి ముందే జేబులో ఏసీసినాను. గాలి సూసి ఆశపడిపోనాను. ఐదన్నది నానే, ఆరోవోణ్ణి నానే. తప్పు నాది. మూడు నెల్లు ఎగరను. రాయండి."

ఇంజినీరు రాశాడు. "ఇంకెవరైనా ఏవైనా సెప్పాలా?" అన్నాడు బాబాయ్, నా వైపు చూడకుండా. దూది తీసి, చూసి, మళ్లీ చెవి వెనక పెట్టుకున్నాడు. చాయ్ వచ్చింది. గ్లాసులు పంచారు. పసుపు రెక్క అతను ఉత్తరం రాశాడని, అందులో చాచాది తొందరపాటు అన్నాడని ఎవరో చెప్పారు. బాబాయ్ తలూపాడు. అవునన్నట్టే ఊపాడు.

ఆ తల ఊపడం నేను చూడలేకపోయాను. గ్లాసు కింద పెట్టి లేచాను.

"నేను ఎడమకి తిరిగాను. తిన్నగా పోయే హక్కు ఆయనది. నాకు దారిచ్చి ఆయన పడ్డాడు. గాజులు తీసేశాను" అన్నాను. చివరి మాట ఎవరికీ అర్థం కాలేదు, ఆయనకి తప్ప.

తర్వాత ఆయన ఇంజినీరు కేసి తిరిగి, "రాయండి. కిందన ఇంకో లైను. తనకీ మూడు నెల్లు. నాది మాత్రం పైనే ఉండాల, ముందు తప్పు నాదే" అన్నాడు. అని చాయ్ తాగాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను కొండ మీద కూడా చూడలేదు.

ఆ సాయంత్రం స్కూటరు మీద బిర్సానగర్లో దింపుతూ అడిగాను, మీరే ఎందుకు చెప్పలేదని. వెనక కూర్చుని, విరిగిన భుజం ఒక చేత్తో పట్టుకుని, అన్నాడు: "నాను సెప్పీసుంటే నీకు కోపమొచ్చును. ఎవుల మీద? నా మీద. నాకు కావాల్సింది నీ ఎడంపక్క మీద నీకు కోపం రావడం. వచ్చినాదా?"

"వచ్చింది."

"మరైతే మెల్లిగా పోనీ. గోతులున్నాయి."

మూడు నెలలూ ఇద్దరం కొత్తవాళ్లని సున్నపు కొండ పక్కన నడిపించాం. ఆయన కొక్కెం చూసేవాడు, నేను గాజులు చూపించి నా కథ చెప్పేదాన్ని. ఎడమకి పోయే స్కూటరు వాళ్లు ఎంతమంది ఉన్నారో అప్పుడు తెలిసింది. మగవాళ్లకి కూడా కుడిచేతికి తలో దారం కట్టించాం.

ఆయన భుజం సరిగ్గా అతకలేదు. కొండ మీద మళ్లీ ఎగరలేదు. ఎర్రచీర జెండా పక్కన, జేబులో ఐదు రాళ్లతో, నిలబడేవాడు. రాయి మళ్లీ ఎప్పుడూ ముందే వేయలేదు. మరుసటి ఏడు ఏప్రిల్లో నేను మళ్లీ దూకబోతుంటే, నా బారుకి ఆయన గంట బిగించి ఉంది. స్క్రూ తిప్పింది ఎప్పుడో నేను చూడలేదు.

"మరి మీకో?" అన్నాను.

"నాకు నోరుంది గదా" అని, వెనక్కి చూసి, "ట్రింగ్" అని, తిరిగి తన జెండా దగ్గరికి నడిచి వెళ్లాడు.

ఆ గంటతో ఎన్నో వేసవులు ఎగిరాను. ఎవరికీ తగల్లేదు, ఎవరినీ తగలనివ్వలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పగానే చెప్తున్నాను.

పోయిన నెల ఆ గంట సంచిలో వేసుకుని, ఆటోలో బిర్సానగర్ వెళ్లాను. ఫోటోకి దండ వేసి ఉంది. చెవి వెనక దూది ఫోటోలో కూడా ఉంది, తీయమని ఎవరూ చెప్పినట్టు లేదు. గంట ఫోటో ముందు పెట్టాను. మనవడు, పాతికేళ్లవాడు, దాన్ని చేతిలోకి తీసుకుని, "అచ్ఛా, యే అస్లీ వాలా హై?" అన్నాడు. అసలు గంట ఉందని వాడికి తెలియదట. తాత నోటితో అనేదే విన్నాడు.

కోడలు మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది. "ఆకరి నాలుగు నెల్లూ మంచం మీదే ఉన్నారండీ. ఒత్తిగిల్లాలంటే సాయం కావాల. అయినా నేను సెయ్యేసీ ముందు ఆగమనీవోరు. మెడ తిప్పి ఎనక్కి సూసి, ట్రింగ్ అన్నాకే తిరిగీవోరు. ఎవులున్నారు మావయ్యా ఎనకాల, గోడే గదా అంటే నవ్వీవోరు" అంది.

"ఆ రోజు?" అన్నాను.

"ఆ రోజు పొద్దున్న కూడా అలాగేనండి. మాట సరిగ్గా రాలేదు గాని అన్నారు. ఎనక్కి సూసినారు. తిరిగినారు. మరి ఊపిరి లేదు."

నేను ఏడ్చాను. దాచుకోలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని, ఎందుకడుగుతున్నానో ఆవిడకి తెలియకపోయినా, ఒక సంగతి అడిగాను. "ఎటు తిరిగారమ్మా?"

ఆవిడ మంచం కేసి చూసి, చేతుల్తో గుర్తు చేసుకుంది. గోడ ఎటు, కిటికీ ఎటు, అని. "ఇటు. గోడకేసి కాదు, కిటికీకేసి. కుడికి" అంది.

నాకు తెలుసు. కొండ వైపు తిరిగే మనిషి కాదాయన.